అమెరికా సాగుభూమి విపణి: భూమి ధర వేరు, భూమి రాబడి వేరు

అమెరికా స్థిరాస్తి విపణి అనగానే మన పాఠకులలో చాలామందికి రెండు విషయాలు స్ఫురిస్తాయి. ఒకటి, మన ఊళ్ల నుండి వెళ్లిన పిల్లలు డాలస్, న్యూజెర్సీ వంటి చోట్ల ముప్పై ఏళ్ల వాయిదాలపై కొనుక్కున్న ఇళ్లు. రెండవది, 2008లో గృహరుణాలు కుప్పకూలి ప్రపంచమంతటినీ కుదిపివేసిన సంక్షోభం. గ్రామీణ పరపతితో సంబంధం ఉన్న మనకు వీటికంటె దగ్గరి విషయం మరొకటి ఉన్నది. అది అక్కడి సాగుభూమి విపణి. మొక్కజొన్న, సోయాచిక్కుడు పండే అయోవా రాష్ట్రంలో ఎకరం ఎంత పలుకుతున్నది, ఎందుకు పలుకుతున్నది, ఆ ధరను నమ్మి అప్పు ఇచ్చిన సంస్థలకు ఒకప్పుడు ఏమైనది అన్న సంగతులు తాకట్టుపై రుణం మంజూరు చేసే అధికారికీ, ఆ రుణం తీసుకునే రైతుకూ కూడ తెలియదగినవి. అక్కడ కూడ కొలత ఎకరమే కాబట్టి లెక్క మనకు సులువుగానే బోధపడుతుంది.

ముందుగా ఇటీవలి ధరలను చూద్దాం. అమెరికా వ్యవసాయ శాఖ ఏటా ప్రకటించే లెక్క ప్రకారం దేశం మొత్తంమీద వ్యవసాయ స్థిరాస్తి సగటు ధర, అంటే భూమితో పాటు దానిపై ఉన్న కట్టడాల విలువ కూడ కలిపి, 2021లో ఎకరాకు 3,380 డాలర్లు. 2025లో అది 4,350 డాలర్లు. అయోవాలో భూములు దేశంలోని అత్యుత్తమమైన వాటిలో చేరుతాయి కనుక ధర ఇంకా ఎక్కువ. అయోవా రాష్ట్ర విశ్వవిద్యాలయం 1941 నుండి క్రమం తప్పక జరుపుతున్న సర్వే ప్రకారం అక్కడ ఎకరం 2019లో 7,432 డాలర్లు, 2023లో 11,835 డాలర్లు. 2024లో అది 11,467కు దిగింది. దిగింది అనడమే గాని, తగ్గుదల మూడు శాతం మాత్రమే.

ఇక్కడ ఆలోచించవలసిన విషయం ఒకటి ఉన్నది. 2022లో బుషెలు మొక్కజొన్న (మన లెక్కలో 25.4 కిలోలు) ఆరు డాలర్లు దాటి పలికింది. 2024 నాటికి అదే పంట నాలుగు డాలర్ల దరిదాపులకు పడిపోయింది. మరోవైపు అమెరికా కేంద్ర బ్యాంకైన ఫెడరల్ రిజర్వ్, 2022 మార్చి వరకు దాదాపు సున్నా దగ్గర ఉంచిన తన వడ్డీ రేటును 2023 జూలై నాటికి 5.25–5.50 శాతానికి పెంచింది. పంట ధర తగ్గింది, వడ్డీ పెరిగింది. లెక్క ప్రకారం ఈ రెండూ భూమి ధరను కిందికి లాగాలి. అయినా భూమి ధర దాదాపు చెక్కుచెదరలేదు. ఇది బలమా, లేక పడిపోయే ముందు కనిపించే నిలకడా? దీనికి సమాధానం చెప్పాలంటే నలభై ఏళ్లు వెనక్కి, ఆ తర్వాత ఇంకొంత వెనక్కి వెళ్లక తప్పదు.

"సాధారణ వ్యవసాయ విలువ"

అమెరికాలో రైతులకు దీర్ఘకాలిక భూమి రుణాలు ఒక క్రమపద్ధతిలో అందడం 1916 నాటి ఫెడరల్ వ్యవసాయ రుణ చట్టంతో మొదలైంది. అధ్యక్షుడు ఉడ్రో విల్సన్ సంతకం చేసిన ఆ చట్టం కింద పన్నెండు ఫెడరల్ భూమి బ్యాంకులు ఏర్పడ్డాయి. అవి సహకార పద్ధతిలోనివి. రుణం తీసుకునే రైతు తన రుణంలో అయిదు శాతం మేరకు స్థానిక సంఘంలో వాటా కొని సభ్యుడు కావాలి. మన సహకార సంఘాల వాటాధనం గురించి తెలిసినవారికి ఇది కొత్త సంగతి కాదు. రుణ పరిమితి విషయంలో ఆ చట్టం చాలా జాగ్రత్త వహించింది. భూమి విలువలో సగం, దానిపైన బీమా చేసిన శాశ్వత కట్టడాల విలువలో అయిదింట ఒక వంతు, అంతకు మించి రుణం ఇవ్వరాదు.

తరువాతి కాలంలో ఆ పరిమితిని 65 శాతానికి పెంచారు. అయితే ఎందులో 65 శాతం అన్నదే కీలకం. అది బజారు ధరలో కాదు. "సాధారణ వ్యవసాయ విలువ" అనే ఒక లెక్కలో. సాధారణ నైపుణ్యం గల రైతు, సాధారణమైన పంట పండించి, ఒక మంచి ఏడో ఒక చెడ్డ ఏడో కాక కొన్నేళ్ల సగటు ధరకు అమ్ముకుంటే, ఆ రాబడికి ఆ భూమి ఎంత విలువ చేస్తుందో అంత. పొరుగువాడు నిన్న ఎంతకు అమ్మాడన్నది ఈ లెక్కలోకి రాదు. ధరలు ఎగసినప్పుడు ఈ పద్ధతి రైతులకు నచ్చలేదు. బజారులో ఎకరం వెయ్యి పలుకుతుంటే బ్యాంకువారు అయిదారు వందలుగా లెక్కగట్టి, అందులో 65 శాతం ఇస్తామంటే ఎవరికి నచ్చుతుంది? 1971లో వచ్చిన వ్యవసాయ పరపతి చట్టం ఈ పద్ధతిని మార్చింది. ఇకమీదట బజారు విలువలో 85 శాతం వరకు రుణం ఇవ్వవచ్చునన్నది.

ఆ మార్పు వచ్చిన సమయాన్ని గమనించండి. మరుసటి ఏడాదే, 1972లో, సోవియట్ యూనియన్ అమెరికా నుండి భారీ ఎత్తున ధాన్యం కొనుగోలు చేసింది. గోధుమ, మొక్కజొన్న, సోయా ధరలు ఒక్కసారిగా ఎగిశాయి. అప్పటి వ్యవసాయ మంత్రి ఎర్ల్ బట్జ్, కంచెల అంచుదాకా దున్ని విత్తండని రైతులకు పిలుపునిచ్చారు. ద్రవ్యోల్బణం వడ్డీ రేటును మించిపోయిన సంవత్సరాలవి. అంటే అప్పు చేసి భూమి కొన్నవాడు లాభపడ్డాడు, పొదుపు చేసినవాడు నష్టపోయాడు. అయోవాలో 1970 నాటికి ఎకరం నాలుగు వందల డాలర్ల పైచిలుకు. 1981లో అది 2,147 డాలర్లు. ఏటేటా పెరుగుతున్న ధర ఏటేటా కొత్త రుణానికి హామీ అయింది. నిన్న కొన్న పొలం ఇవాళ రెట్టింపు విలువ చేస్తున్నప్పుడు, దానిని చూపి పక్క పొలం కొనడానికి అప్పు పుట్టడం కష్టమేమీ కాలేదు. దేశంలో రైతుల మొత్తం అప్పు 1970 నుండి 1980 దశకం ఆరంభానికి మూడు రెట్లకు మించి పెరిగింది.

ధర మాత్రమే మిగిలినప్పుడు

1979 అక్టోబరులో ఫెడరల్ రిజర్వ్ అధ్యక్షుడు పాల్ వోల్కర్, ద్రవ్యోల్బణాన్ని అరికట్టడానికి ద్రవ్య సరఫరాపై కఠినమైన కట్టడి విధించారు. 1980 డిసెంబరు నాటికి బ్యాంకులు తమ ఉత్తమ ఖాతాదారుల నుండి వసూలు చేసే వడ్డీ 21.5 శాతానికి చేరింది. 1980 జనవరిలో, అఫ్ఘనిస్తాన్ ఆక్రమణకు నిరసనగా అధ్యక్షుడు కార్టర్ సోవియట్ యూనియన్‌కు ధాన్యం ఎగుమతులపై ఆంక్షలు పెట్టారు. వడ్డీ పెరగడంతో డాలరు బలపడి, అమెరికా ధాన్యం విదేశీ కొనుగోలుదారులకు ప్రియమైంది. ఎగుమతులు తగ్గాయి, పంట ధర జారింది, భూమి ధర దానిని అనుసరించింది. 1986లో అయోవాలో ఎకరం 787 డాలర్లు. అయిదేళ్లలో దాదాపు మూడింట రెండు వంతుల విలువ ఆవిరైపోయింది.

ఒక రైతు 1981లో ఎకరాకు 2,147 డాలర్లకు కొని, అందులో 85 శాతం, అంటే 1,825 డాలర్లు అప్పు తెచ్చాడనుకోండి. 1986లో ఆ ఎకరాన్ని అమ్మి మొత్తం సొమ్ము బ్యాంకుకు కట్టినా, అసలులోనే ఎకరాకు వెయ్యి డాలర్లకు పైగా మిగిలిపోతుంది. వడ్డీ సంగతి సరేసరి. ఇక్కడ గమనించవలసిన విషయం మరొకటి ఉన్నది. ఆ భూమి పండించే శక్తి ఏమాత్రం తగ్గలేదు. 1981లో ఎన్ని బుషెళ్లు పండిందో 1986లోనూ అన్ని పండింది. పడిపోయినది ధర. అప్పు ఆ ధర మీద నిలబడి ఉన్నది.

రుణ సంస్థల సంగతి ఇంతకంటె మెరుగ్గా లేదు. భూమి బ్యాంకులు బాండ్లు అమ్మి నిధులు సేకరించేవి. పాత, కొత్త బాండ్ల సగటు ఖర్చును బట్టి రైతుల వడ్డీని నిర్ణయించేవి. బయట వడ్డీ వేగంగా పెరుగుతున్నప్పుడు ఈ సగటు నెమ్మదిగా పెరిగింది. ఫలితంగా వారి రుణమే చవకగా కనిపించి, భూమి ధర శిఖరాన ఉన్న ఆ రోజుల్లోనే రైతులంతా వారి దగ్గరకే చేరారు. తర్వాత బయట వడ్డీ తగ్గింది. అధిక వడ్డీ బాండ్లు మాత్రం వారి మెడకు చుట్టుకొని ఉండిపోయాయి. మంచి రైతులు చవక వడ్డీకి వేరే బ్యాంకులకు తరలిపోగా, కట్టలేనివారు మిగిలారు. వ్యవసాయ పరపతి వ్యవస్థ 1985లో 270 కోట్ల డాలర్ల నష్టం చూపింది. మరుసటి ఏడు కూడ నష్టమే. 1987 నాటి వ్యవసాయ పరపతి చట్టం ద్వారా 400 కోట్ల డాలర్ల వరకు సహాయానికి ప్రభుత్వం ఏర్పాటు చేసింది. అయినా మిసిసిపీ రాష్ట్రంలోని జాక్సన్ భూమి బ్యాంకు 1988లో మూతపడింది.

ఈ అంకెల వెనుక ఉన్న మనుషులను కూడ తలచుకోవాలి. 1985 డిసెంబరులో అయోవాలో అప్పులలో మునిగిన ఒక రైతు తన భార్యను, తనకు రుణమిచ్చిన బ్యాంకు అధ్యక్షుని, పొరుగు రైతును కాల్చి చంపి, తానూ ప్రాణం తీసుకున్నాడు. వసూలుకు వెళ్లే మనలో ప్రతి ఒక్కరూ, రైతు గడపలో నిలబడినప్పుడు ఇరువైపులా ఎంత భారం ఉంటుందో ఎరుగుదురు. 1987 చట్టంలో ఒక నిబంధన ఈ అనుభవం నుండే పుట్టింది. జప్తు చేయడానికి అయ్యే నష్టం కంటె రుణాన్ని పునర్వ్యవస్థీకరించడానికి అయ్యే నష్టం తక్కువగానో సమానంగానో ఉంటే, పరపతి వ్యవస్థకు చెందిన సంస్థ విధిగా పునర్వ్యవస్థీకరణే చేయాలి. ఏది తక్కువన్నది లెక్కగట్టి చూడవలసిన బాధ్యత కూడ రుణదాతదే. వాయిదాలు మార్చడం రైతుకు చేసే ఉపకారమని మన శాఖలలో ఇప్పటికీ వినిపించే మాటకు ఈ నిబంధన మంచి జవాబు.

నేటి నిలకడకు కారణాలు

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. 2022 తర్వాత వడ్డీ పెరిగినా, పంట ధర తగ్గినా భూమి ధర ఎందుకు కూలలేదు? నా అభిప్రాయంలో అన్నిటికంటె పెద్ద కారణం అప్పు లేకపోవడమే. అయోవా రాష్ట్ర విశ్వవిద్యాలయం వారి మరో సర్వే ప్రకారం 1982లో ఆ రాష్ట్రంలోని సాగుభూమిలో 62 శాతం ఏ రుణభారమూ లేనిది. 2022లో అది 84 శాతం. అప్పు లేనివానికి వడ్డీ పెరిగితే ఏమిటి? పంట ధర తగ్గితే ఆ ఏడు రాబడి తగ్గుతుంది, అంతే. అమ్ముకోవలసిన అగత్యం రాదు. అమ్మక తప్పని పరిస్థితిలో ఉన్నవారు అనేకులు ఒకేసారి బజారుకు వచ్చినప్పుడే ధర కూలుతుంది. 1980 దశకంలో జరిగినది అదే.

రెండవ కారణం, అమ్మేవారు తక్కువ. అదే సర్వే ప్రకారం అయోవా భూమిలో మూడింట రెండు వంతులు 65 ఏళ్లు పైబడినవారి చేతిలో ఉన్నది. వారు బ్రతికి ఉండగా అమ్మితే, కొన్ననాటి ధరకూ అమ్మిన ధరకూ మధ్య ఉన్న లాభంపై పన్ను కట్టాలి. వారసులకు విడిచిపెడితే, మరణించిన నాటి బజారు విలువనే వారసుల కొనుగోలు ధరగా పరిగణిస్తారు. అంతవరకు పెరిగిన లాభంపై ఎవరూ పన్ను కట్టనక్కరలేదు. కనుక ముసలివారు భూమిని పట్టుకొని ఉండడమే లాభసాటి. పట్టణాల ఇళ్ల విషయంలోనూ ఇంచుమించు ఇటువంటి బిగింపే కనిపిస్తుంది. 2021 జనవరిలో ముప్పై ఏళ్ల గృహరుణం సగటు వడ్డీ 2.65 శాతానికి దిగింది. 2023 అక్టోబరులో 7.79 శాతానికి ఎగసింది. మూడు శాతానికి రుణం తీసుకొని, ఆ వడ్డీ ముప్పై ఏళ్లూ మారదని తెలిసినవాడు, ఇల్లు అమ్మి ఏడు శాతానికి మరో ఇల్లు కొనడానికి ఇష్టపడడు. ఇళ్ల అమ్మకాలు తగ్గినా ధరలు తగ్గకపోవడానికి ఇదొక కారణం.

ప్రభుత్వ సహాయం కూడ ఒక చేయి వేస్తున్నది. పంటల బీమా ప్రీమియంలో పెద్ద భాగాన్ని అక్కడి ప్రభుత్వం భరిస్తుంది. 2024 డిసెంబరులో ఆమోదించిన చట్టం ద్వారా పంట ధరల పతనానికి పరిహారంగా 1,000 కోట్ల డాలర్లు కేటాయించారు. ఇటువంటి చెల్లింపులు చివరకు కౌలు రూపంలో, భూమి ధర రూపంలో యజమానికే చేరుతాయన్నది అర్థశాస్త్రంలో పాత సంగతే. ఇక బిల్ గేట్స్ వంటి ధనికులు, పింఛను నిధులు, విదేశీయులు భూములు కొంటున్నారన్న వార్తలు తరచుగా చదువుతాం. గేట్స్ రెండున్నర లక్షల ఎకరాలకు పైగా కొన్న మాట నిజమే. కాని అమెరికాలో వ్యవసాయ క్షేత్రాల కింద ఉన్న మొత్తం నేల 2022 వ్యవసాయ గణన ప్రకారం 88 కోట్ల ఎకరాలు. అయోవాలో నేటికీ భూమి కొనేవారిలో అధికులు అప్పటికే పొలం ఉన్న స్థానిక రైతులే. వార్తలో ధనికుడు కనిపిస్తాడు, వేలంలో పక్క పొలం ఆసామి కనిపిస్తాడు.

ఎకరం తన వడ్డీ తాను కట్టుకోగలదా?

పాత భూస్వామికి ఈ విపణి సుఖంగానే ఉన్నది. కొత్తగా అడుగుపెట్టేవాని సంగతి వేరు. ఒక చిన్న లెక్క చేద్దాం. కాగితం, కలం దగ్గర పెట్టుకోగలరు.

2024లో అయోవాలో ఎకరం సగటు ధర 11,467 డాలర్లు. అదే ఏడు సగటు నగదు కౌలు ఎకరాకు 279 డాలర్లు. అంటే కొన్న ధరపై రాబడి ఏడాదికి 2.4 శాతం. ఆస్తి పన్ను అందులో నుండే కట్టాలి. ఒక యువ రైతు 35 శాతం, అంటే 4,013 డాలర్లు చేతిసొమ్ము పెట్టి, మిగిలిన 7,454 డాలర్లు ఏడు శాతం వడ్డీకి తెచ్చాడనుకుందాం. మొదటి ఏడు వడ్డీయే 522 డాలర్లు. భూమి కౌలుగా తెచ్చేది 279. అసలు వాయిదా ఇంకా లెక్కలోకి రాలేదు. తక్కిన 243 డాలర్లు ఎక్కడి నుండి రావాలి? తండ్రి ఇచ్చిన పాత భూమి రాబడి నుండి, లేదా భార్య పట్నంలో చేసే ఉద్యోగం నుండి. అవి లేనివాడు కట్టలేడు.

ఇదే లెక్కను తిరగవేసి చూడండి. 279 డాలర్ల కౌలు ఏడు శాతం చొప్పున ఎంత అసలుకు వడ్డీ కట్టగలదు? సుమారు 3,986 డాలర్లకు. అంటే బజారు ధరలో 35 శాతానికి మించి అప్పు చేస్తే ఆ ఎకరం తన వడ్డీని కూడ తాను కట్టుకోలేదు. 1916 నాటి చట్టకర్తలు సగం దగ్గర గీత గీసినప్పుడు వారిని పిరికివారనుకున్నవారుంటే, వారు ఈ లెక్కను ఒకసారి చూడాలి. అమెరికాలో రైతు సగటు వయస్సు 2022 గణన ప్రకారం 58.1 ఏళ్లు కావడానికి గల కారణాలలో ఇది ముఖ్యమైనది.

మన దేశంలో పంట రుణం భూమి ధరను బట్టి కాక, పంటను బట్టి, సాగు ఖర్చును బట్టి నిర్ణయమవుతుంది. 2025 జనవరి 1 నుండి రెండు లక్షల రూపాయల వరకు వ్యవసాయ రుణానికి తాకట్టు అడగరాదు. 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద వ్యవసాయ భూమిని స్వాధీనం చేసుకొనే వీలు లేదు. ఈ విషయంలో మన పద్ధతి నిజానికి పాత అమెరికా పద్ధతికే దగ్గర. చిక్కు పెద్ద దీర్ఘకాలిక రుణాలలో వస్తుంది. కొత్త రహదారి పడుతున్నదని వినికిడి రాగానే ఎకరం ధర రెండింతలైన గ్రామాలను మీరూ చూసి ఉంటారు. అటువంటి చోట రైతు దరఖాస్తు పట్టుకొని వచ్చి, "నా భూమి కోటి రూపాయలు చేస్తుంది, ముప్పై లక్షలు ఇవ్వడానికి మీకు సందేహమెందుకు?" అని అడుగుతాడు. అతడు చెప్పే ధర అబద్ధం కాదు. కాని ఆ భూమిలో పండేది అదే వరి, అదే మిరప. నేను పరిశీలన నివేదిక రాసేటప్పుడు బజారు విలువ గడిని ఖాళీగా ఉంచి, ముందుగా నికర వార్షికాదాయం గడిని పూరించి, వాయిదా దానిలో ఎంత భాగమో చూసి, ఆ తర్వాతనే వెనక్కి వచ్చి విలువ వేస్తాను. ముందే పెద్ద అంకె కంటబడితే ఆదాయపు అంకెను దానికి తగినట్లు సాగదీయాలన్న కోరిక ఎవరికైనా కలుగుతుంది.

అమెరికా సంగతికి తిరిగి వస్తే, రానున్న ఇరవై ఏళ్లలో అయోవా భూమిలో పెద్ద భాగం వారసుల చేతికి వెళ్లక తప్పదు. ఆ వారసులలో చాలామంది షికాగోలోనో, మినియాపోలిస్‌లోనో ఉద్యోగాలు చేసుకుంటున్నవారు. వారు కౌలుకు ఇచ్చి ఉంచుకుంటారా, అమ్మేస్తారా అన్నదానిపై ధర ఆధారపడుతుంది. అమ్మదలచినవారు ఎక్కువగా వేలాన్ని ఎంచుకుంటారు. ఊరి సమావేశ మందిరంలో రైతులు కూర్చుని ఉండగా ఎకరాకు ఇంత అని పాట సాగుతుంది. పాట పెంచేవాడు పాత పొలానికి అప్పు తీరిన అరవై ఏళ్ల ఆసామి. వెనుక వరుసలో అతని కౌలుదారు, ముప్పై ఏళ్లవాడు, తాను పదేళ్లుగా దున్నుతున్న ఆ పొలానికి ఎంతవరకు పాడగలడో బ్యాంకువారు రాసి ఇచ్చిన కాగితాన్ని చేతిలో పట్టుకొని కూర్చుంటాడు.